తొమ్మిది నిమిషాల జడలు

సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో నా ఎదురు సీటు ఘనా అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది, నాకంటే రెండేళ్ళే చిన్న. పగలంతా ఇద్దరం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాళ్ళం. ఆమె మాత్రం ఏటా సెలవులన్నీ కూడబెట్టుకుని సొంతూరు వెళ్ళి సినిమా తీసుకునేది. అలా ఆరేళ్ళు. అందరూ బాలీ వెళ్తుంటే ఈవిడ కెమెరా భుజాన వేసుకుని అమ్మ దగ్గరికి పోతుందేమిటని మొదట్లో నవ్వుకున్నాను.

కథ చిన్నది. ఒక తల్లి, తెల్లారితే పెళ్ళికూతురయ్యే కూతురు. తల్లి వేషం ఆమె అమ్మే వేసింది. సినిమా మధ్యలో తల్లి కూతురికి సన్నసన్న జడలు అల్లుతుంది. తొమ్మిది నిమిషాలు. మాట లేదు, పాట లేదు, కెమెరా కదలదు. ఆ ముక్క తీసేస్తే మీ సినిమా వేస్తామని ఇక్కడి ఫెస్టివల్ ఒకటి కబురు చేసింది.

"మమ్మల్ని ఎప్పుడూ బయటివాళ్ళే తీశారు," అంది ఒకరోజు భోజనాల దగ్గర. "మా మొహం మీద కెమెరా రెండు సెకన్లు నిలవదు. వెంటనే ఏనుగు దగ్గరికి పరిగెడుతుంది. మా అమ్మ మొహాన్ని జనం ఎంతసేపు చూడగలరో నాకు తెలియాలి."

నాకు సిగ్గేసింది. ఆఫ్రికా అంటే నాకూ ముందు గుర్తొచ్చేది ఏనుగే. మన సినిమాల్లో ఆ మొహాలు నేను చూసింది విలన్ వెనక నిలబడేవాళ్ళలోనే.

"మేముండే బెడోక్ బ్లాకులో ఫంక్షన్ రూము ఉంది. మా తెలుగువాళ్ళని పిలుస్తాను. కదలకుండా చూస్తే ఉంచు, లేస్తే తీసెయ్," అన్నాను. సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం పదహారు మంది వచ్చారు. అందరూ నాలాగే ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు, ఒక్క పైఅంతస్తు ఆంటీ తప్ప. ఆవిడ ఇక్కడే పుట్టింది. విశాఖ వైపు నుంచి వచ్చింది ఆవిడ తాతగారు. తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడుతుంది. వచ్చి ముందు వరసలో కూర్చుంది. నా స్నేహితురాలు కూర్చోలేక తలుపు దగ్గర నిలబడి, తెరను కాదు, మా తలలను చూస్తోంది.

సినిమా అన్నాక ఇంటర్వెల్ ఉండాలి. ఆ సంగతి ఆమెను అడగాలని కూడా నాకు తట్టలేదు. అన్నం వడ్డించి మంచినీళ్ళు పెట్టనా అని ఎవరైనా అడుగుతారా? సినిమా తొంభై ఆరు నిమిషాలు కనుక నలభై ఎనిమిదో నిమిషానికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. వెనక బల్ల దగ్గర మిరపకాయ బజ్జీలు పళ్ళేల్లో సర్దుతూ తెర వైపే చూడలేదు. అలారం మోగింది. సినిమా ఆపి లైట్లు వేశాను.

తల్లి వేళ్ళ మధ్య జడ సగంలో ఆగిపోయి ఉంది.

మనవాళ్ళు ఠక్కున లేచారు. సీటు పోకుండా కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇక్కడి మాటలో 'చోప్' చేసి మరీ, బజ్జీల మీదికి నడిచారు. ఆంటీ మాత్రం కదల్లేదు.

"మకాన్ ఎక్కడికి పోతుంది లా? తిండి తర్వాత, ముందు ఆ పిల్ల జడ కానియ్యి!" అని నా మీద అరిచింది.

తలుపు వైపు చూశాను. స్నేహితురాలు వరండాలోకి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడింది. కంగారులో వెంటనే సినిమా మళ్ళీ పెట్టాను. మిగతా జడలన్నీ ఆంటీ, టిష్యూ ప్యాకెట్లు చూశాయి.

అది మా అలవాటు, విసుగు కాదు అని తర్వాత ఆమెకు వందసార్లు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆమె నా భుజం తట్టి, "నువ్వు మంచిదానివి. కానీ లేచారుగా," అంది. ఆ వారమే ఆ ముక్క తీసేసింది. నాకు బాధతో పాటు కోపం కూడా వచ్చింది. ఆరేళ్ళ కష్టాన్ని పదహారు మంది పిరుదుల మీద వదిలేస్తారా? ఆ పందెం పెట్టింది నేనేనన్నది అప్పుడు గుర్తు రాలేదు.

ఫెస్టివల్‌లో హాలు నిండింది. నేను ఆంటీకీ ఆమెకీ మధ్యలో కూర్చున్నాను. తెర మీద తల్లి దువ్వెన అందుకుంది. మరుక్షణం కూతురు నిండుగా జడలతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమ్మా, జడ ఎక్కడ? అది చూడ్డానికే వచ్చాను లా," అంది ఆంటీ, హాలంతా వినబడేలా.

"ఏమంటోంది?" అని అడిగింది స్నేహితురాలు.

చెప్పాను. ఆ రోజు ఆవిడ ఒక్కతే లేవలేదని కూడా చెప్పాను.

"ఎంతసేపు కూర్చుంది?"

"జడలు అయిపోయేదాకా."

ఆమె నా మీదుగా వంగి ఆంటీని చూసింది. ఆంటీ తెరనే చూస్తోంది.

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు?" అంది.

ఆమె నిలబడ్డ వరండా నాకు పది అడుగుల దూరం. ఆ రోజు నా చేతుల్లో బజ్జీల పళ్ళెం ఉంది.