తగ్గిందని చెప్పిన మాట

రాజాత్తి పెద్దమ్మ పోయి నలభై రోజులైంది. పదహారో రోజు కార్యానికి వచ్చినవాళ్ళందరూ ఆమె చెయ్యి మంచిదన్నారు. ఎవరి దగ్గు ఎన్ని రోజుల్లో తగ్గించిందో చెప్పుకుంటూ అన్నం తిన్నారు. చెయ్యి మంచిదన్న ఆ మాటే మా అమ్మ పొన్నుత్తాయి ప్రాణం తీసింది. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆ సంగతి తెలుసు. తెలిసీ సాంబారు అడిగి పోయించుకున్నారు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వస్తే తమిళనాట ఉన్న మా నల్లరేగడి ఊరి మీద పొద్దున మంచు పొగలా కూర్చుంటుంది. ఇంటింటా దగ్గు. ఆడవాళ్ళు ముగ్గు వేసే వేళకే ఆమె వాకిట్లో మూడు రాళ్ళ మీద కుండ ఎక్కేది. సొంటి పైతోలు కత్తితో గీకి పారేసి దంచేది. ధనియాలు వట్టి పెనంలో వేయించేది. అడ్డసరం ఆకుకు నడిమి ఈనె తీసేది. మూడు చెంబుల నీళ్ళు ఒక చెంబయ్యే దాకా మరగనిచ్చి, ఇసుక లేకుండా వడగట్టిన తాటిబెల్లం పాకం పోసి, దించే ముందు తులసి వేసేది. పని తెలిసిన మనిషి. అది నేను కాదనను.

మా వీధిలో మందుకు బదులుగా ఏమీ పుచ్చుకోరు. తాగినవాళ్ళు మూడో రోజు లోటా కడిగి తెచ్చి ఆమె అరుగు మీద బోర్లించి, "తగ్గింది" అని చెప్పాలి. తగ్గలేదంటే ఇచ్చిన చెయ్యి చెడుతుందని, తర్వాత తాగేవాళ్ళకు పనిచేయదని నమ్మకం. తగ్గినవాళ్ళూ తగ్గనివాళ్ళూ అదే మాట చెప్పేవాళ్ళు. ఆ తర్వాతి తై నెల దాటితే చలి పోతుంది, దగ్గూ పోతుంది. కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తోచలేదు.

తొంభై ఎనిమిదిలో అమ్మా, నేనూ, పెద్దమ్మా ముగ్గురం ఒకే అగ్గిపెట్టెల ఆఫీసులో పనిచేసేవాళ్ళం. మా వైపు ఆ కంపెనీలను ఆఫీసులనే అంటారు. పుల్లలను చట్రాలకు గుచ్చే పని. మేస్త్రీ లక్ష్మణసామి మా తెలుగువాడే. ముతలాళితో, అంటే యజమానితో, అరవం, మాతో తెలుగు. ఆ మార్గళిలో అతను పెద్దమ్మను పిలిచి, ఆఫీసులోని అరవై మంది ఆడవాళ్ళకూ కషాయం కాచమన్నాడు, సరుకులు తానే తెప్పిస్తానన్నాడు. పెద్దమ్మ పొంగిపోయింది. నిజం చెప్పాలి కదా, నేనూ పొంగిపోయాను. పది గంటలకు వేడి లోటా చేతికి వస్తుంటే మా ముతలాళి ఎంత మంచివాడో అనుకున్నాను.

తర్వాత తెలిసింది. ఆస్పత్రికి పోవాలంటే మేస్త్రీ సెలవు చీటీ రాయాలి. చీటీ లేకుండా మానితే మర్నాటికి మన చట్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. కషాయం మొదలైన నాటి నుంచి లక్ష్మణసామి చీటీలు రాయడం మానేశాడు. ఎవరు దగ్గుతూ పోయినా రాజాత్తి కషాయం ఇంకో లోటా తాగి కూర్చోమనేవాడు.

అమ్మకు కార్తీకంలో పట్టిన దగ్గు తై దాటినా పోలేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. రవిక భుజాల మీది నుంచి జారేది. రెండుసార్లు చీటీ అడిగింది, రెండుసార్లూ లోటా ఇచ్చి పంపాడు. పెద్దమ్మ కూడా ఇంకో మూడు దినాలు తాగమంది. ఆ మూడు దినాలు ఎన్నిసార్లు అయ్యాయో నేను లెక్కపెట్టలేదు. మూడో రోజు వచ్చినప్పుడల్లా అమ్మ లోటా బోర్లించి తగ్గిందని చెప్పి వచ్చేది.

పంగుణిలో, ఎండ మండుతుండగా, ఆఫీసులో లోటాలు వెనక్కి తీసుకుంటున్న పెద్దమ్మ అమ్మ లోటా దగ్గర ఆగిపోయింది. అంచున ఎర్రగా ఉంది.

"ఎన్నాళ్ళ నించి?"

"మాసి నించి," అంది అమ్మ. అంటే అప్పటికే నెల.

"నాకెందుకు సెప్పలే?"

"నీ చెయ్యి సెడిపోతాదని అక్కా."

అమ్మ నవ్వుతూ అంది ఆ మాట. ఇప్పటికీ ఆ నవ్వు మీద నాకు కోపం.

పెద్దమ్మ కషాయం కుండ ఎత్తుకుని నేరుగా లక్ష్మణసామి బల్ల దగ్గరికి పోయింది. పొన్నుత్తాయికి చీటీ రాయమంది. అతను తలెత్తకుండానే, పొద్దున తగ్గిందని చెప్పింది పొన్నుత్తాయే కదా అన్నాడు.

"నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా రాజాత్తీ?"

ఆమె కుండను అతని కాళ్ళ ముందు బోర్లించింది. అరవై మందికీ వినపడేట్టు చెప్పింది.

"నా చెయ్యి సెడిపొయ్యింది. సీటి రాయి."

రాశాడు. ఆస్పత్రిలో ఛాతీ ఫోటో తీసి, క్షయ అని, రెండు నెలల ముందు తెచ్చి ఉంటే మాత్రలతోనే పోయే జబ్బన్నారు. మరో రెండు నెలలకు, వైకాసిలో, అమ్మ పోయింది.

అమ్మ పదహారో నాడు పెద్దమ్మ మా గడప బయట నిలబడింది. లోపలికి రమ్మని నేననలేదు. నీ కషాయమే మా అమ్మను చంపిందన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నాకు కొంత చల్లారేదేమో.

"ఔను. నా కషాయమూ, వాడి సీటీ. నన్ను తిట్టు పాపా, తిట్టు. వాణ్ని మాత్రం ఇడిసిపెట్టబాకు."

కలెక్టరు మనూలు, అంటే అర్జీలు, తీసుకునే సోమవారం ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. మా ఊరికి సంత కోవిల్‌పట్టి అయినా జిల్లా విరుదునగర్. కలెక్టరాఫీసు మెట్ల పక్కన కూర్చుని ఆమె తెలుగులో చెబుతుంటే నేను అరవంలో మనూ రాశాను. మొదట లక్ష్మణసామి పేరు రాయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ముందు తన పేరు రాయమంది. నేను ఒప్పుకోలేదు. అలా రాస్తే వాడు తప్పించుకుంటాడని అరిచాను. పక్కన మనూలు పట్టుకున్నవాళ్ళు తిరిగి చూశారు.

"నా తప్పు నేనే సెప్తే, వాడి తప్పు అబద్దమని ఎవురంటారు? ఇంకో మూడు దినాలు తాగమంటిని అని రాయి. నేనే అంటిని అని రాయి."

పెన్ను కాగితంలో దిగబడేట్టు రాశాను. ఆమె బొటనవేలికి సిరా పూసుకుని, ఆ వాక్యం కింద నొక్కింది.