పంపుల కొట్లో నా పంపు

ఆ రోజుల్లో బోధన్‌లో పంపుల గురించి నన్ను ఏమడిగినా చెప్పేవాణ్ణి. ఎంత లోతు బోరుకు ఎన్ని హెచ్‌పీల మోటారు పడుతుందో, నీళ్లు మధ్యలో ఎందుకు తెగిపోతాయో, గాలి ఎక్కడ పట్టిందో, రైతు సగం చెప్పేసరికే మిగతా సగం నేను అందుకునేవాణ్ణి. చుట్టుపక్కల చెరుకు మళ్లు ఒక్కొక్కటే వరి మళ్లుగా మారుతున్న కాలం. పంట ఏదైనా నీళ్లు తోడక తప్పదు కాబట్టి నేను పనిచేసే మా సేటు పంపుల కొట్టుకు గిరాకీ తగ్గలేదు, నాకు నోరు మూసే అవసరం రాలేదు. కానీ సొంత ఒంటి సంగతి మాట్లాడాల్సి వస్తే మాత్రం మెడ కిందినుంచి మోకాలి పైదాకా దేవుడు నాకు ఏమీ పెట్టలేదన్నట్టుగా ఉండేవాణ్ణి. జ్వరం వస్తే చెప్పేవాణ్ణి, దగ్గు వస్తే చెప్పేవాణ్ణి. మొలలు వచ్చినప్పుడు కూడా నడుం నొప్పి అని చెప్పి పదిహేను రోజులు నడుముకు మలాము రాయించుకున్న మనిషిని.

అటువంటి వాడికి ముప్పై మూడో ఏట, పెళ్లైన మూడేళ్లకు, ఇంకా పిల్లలు లేక అత్తగారు వచ్చినప్పుడల్లా నా భార్య ముఖంలోకి, తర్వాత నా ముఖంలోకి చూస్తున్న సమయంలో, అక్కడ నొప్పి మొదలైంది. అక్కడ అంటే అక్కడే. మొదట గట్టిపడినప్పుడు నొప్పి, తర్వాత లోపల చేతికి తగిలే బఠాణీ గింజంత గడ్డ, ఆ తర్వాత ఒక పక్కకు వంపు. నెల తిరిగేసరికి వంపు ఇంకొంచెం పెరిగింది. ఫోనులో వెతికాను. వెతికిన ప్రతిసారీ, ఎవరైనా చూస్తారేమోనని, వెతికినదంతా చెరిపేశాను. దానివల్ల మళ్లీ వెతికినప్పుడు మళ్లీ మొదటినుంచీ భయపడాల్సి వచ్చేది. రాత్రి భోజనం కాగానే నిద్ర వస్తోందని గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. మూడు నెలలు అలాగే గడిపాను.

చివరికి ఒక సోమవారం, సరుకు తేవడానికని సేటుకు చెప్పి నిజామాబాద్ బస్సెక్కాను. మూత్రపిండాల డాక్టరు దగ్గరే ఈ పని కూడా చూస్తారని అప్పటికే తెలుసుకున్నాను. వరండాలో కుర్చీలో కూర్చుని ఫైలు ఒళ్లో పెట్టుకుని, ముఖం పేపరు వెనక దాచుకున్నానో లేదో, పక్క కుర్చీలోంచి "ఏం అల్లుడా, నీకుగూడ రాయేనా?" అన్న మాట వినిపించింది. నా భార్యకు చిన్న మేనమామ. ఆయనకు కిడ్నీలో రాయి. నాకు ఆ క్షణంలో ఆ రాయి దేవుడు పంపిన రాయిలా కనిపించింది. "అవును మామా, రాయే" అన్నాను. ఎంత సైజు అని అడిగాడు. ఆరు మిల్లీమీటర్లన్నాను (పైపుల కొలతలు నోట్లో నానుతుంటాయి కాబట్టి తడుముకోలేదు). తనది తొమ్మిదని ఆయన కాస్త గర్వంగా చెప్పాడు.

లోపల డాక్టరు నెమ్మదైన మనిషి. చూశాడు, నొక్కాడు, ఎన్నాళ్లైంది, ఇంకా నొప్పి ఉందా, వంపు మారుతూ ఉందా అని అడిగాడు. దీన్ని పెయిరోనీస్ డిసీజ్ అంటారని, లోపలి పొరకు ఎప్పుడో తెలియకుండా తగిలిన చిన్న దెబ్బ మానేటప్పుడు కొందరిలో మచ్చ గట్టిపడుతుందని, మచ్చ ఉన్న వైపు సాగదు కాబట్టి అంగం అటు వంగుతుందని చెప్పాడు. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేది కాదు, ఏ తప్పుకూ శిక్ష కాదు అని కూడా చెప్పాడు. ఈ మూడోది నేను అడగలేదు. నా ముఖం చూసి ఆయనే చెప్పాడు. తర్వాత వైద్యాల సంగతి వచ్చింది. మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, ఏడాది దాటాక కూడా బాగా వంగి ఉంటే ఆపరేషన్ ఉంది. వీటితోపాటు వాక్యూమ్ పరికరం ఒకటి ఉందని ఆయన అన్నప్పుడు నేను మొదటిసారి తలెత్తాను. గాజులాంటి గొట్టం, దానికి చేతిపంపు. లోపలి గాలి తీసేస్తే రక్తం చేరి కండ సాగుతుంది, రోజూ కొద్దికొద్దిగా సాగదీస్తే మచ్చ కొంత లొంగవచ్చు. ఆ సూత్రం నాకు ఒక్క మాటలో అర్థమైపోయింది. వృత్తిరీత్యా నాకు అర్థమైన ఏకైక వైద్యం అదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగాను. డాక్టరు కలం కింద పెట్టాడు. జబ్బు రెండు దశల్లో నడుస్తుందన్నాడు. నొప్పి ఉండి వంపు మారుతూ ఉండేది మొదటిది, నొప్పి పోయి వంపు ఒకచోట నిలబడేది రెండోది. నేను మొదటి దశలో ఉన్నాను. కొందరు డాక్టర్లు ఈ దశలోనే తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టిస్తారు, కొందరు నిలకడ అయ్యేదాకా ఆగమంటారు, ఇదే సరైనదని గట్టిగా చెప్పేంత ఆధారం ఇంకా లేదు అని దాచకుండా చెప్పాడు. ముందు నొప్పికి మాత్రలు వాడాలి, షుగర్ పరీక్ష చేయించుకోవాలి, నెల తర్వాత మళ్లీ రావాలి, వచ్చేటప్పుడు నా భార్యను కూడా తేవాలి. వాటిలో మొదటి మూడూ నాకు సులువుగానే అనిపించాయి.

బోధన్ చేరేలోపు నా రాయి నాకంటే ముందు ఇల్లు చేరింది. చిన్నమామ ఫోన్ చేసేశాడు. ఆ రోజునుంచి పొద్దున అరటి దూట రసం, మధ్యాహ్నం బార్లీ నీళ్లు, సాయంత్రం ఉలవ కట్టు. అత్తగారు ఫోన్లో రోజూ రాయి పడిందా అని అడిగేది. పడలేదని చెబితే మోతాదు పెంచమనేది. కొట్లో గంటకోసారి మూత్రానికి పరుగెత్తుతుంటే సేటు కూడా జాలిపడ్డాడు. పన్నెండో రోజు పొద్దున నా భార్య దూట రసం గ్లాసు నా ముందు పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది. దాన్ని చూడగానే వాంతి వచ్చినట్టయి, ఇక తాగలేను, నాకు రాయి లేదు అనేశాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగతాది ఆగలేదు. గడ్డ, వంపు, నొప్పి, డాక్టరు, గొట్టం, అంతా గోడమీద క్యాలెండరుకేసి చూస్తూ చెప్పాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను, లేదా భయపడుతుందనుకున్నాను. ఆమె గ్లాసు తీసుకుని వెళ్లి సింకులో పారబోసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మూన్నెల్ల సంది నువ్వు గోడదిక్కు మర్లి పండుతుంటే, పిల్లలైతలేరని నామీద మనసిరిగింది అనుకున్న. మా అమ్మకు జెప్తే ఏమంటదోనని ఎవ్వలకు జెప్పలే. ఒంట్లె బాగలేదని ఒక్క మాటంటే ఏమయితుండె?"

నాది సిగ్గు అనుకుంటూ నేను మోసిన బరువులో సగం పైగా ఆమె మోసిందని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఈ కథలో నాకు నవ్వు రాని చోటు అదొక్కటే.

చెప్పేశాక ఒళ్లు తేలికైంది, తేలికైన ఒంటికి తొందర పుట్టింది. నెల గడువుకు ఇంకా రెండు వారాలుండగానే, పంపు గురించి నాకెవరు చెప్పాలి అనుకుని, ఫోనులోనే ఆ పరికరం తెప్పించాను. ఇంటి దగ్గర పక్కింటివాళ్లు చూస్తారని కొట్టు చిరునామా ఇచ్చాను. నా జీవితంలో నేను వేసిన తెలివైన ఎత్తుల్లో అదొకటి. పంపుల కొట్టుకు పార్శిలు వస్తే, దానిమీద వాక్యూమ్ పంపు అని రాసి ఉంటే, సేటు ఏం చేస్తాడు? శాంపిల్ అనుకుంటాడు. నేను అన్నం తిని వచ్చేసరికి అట్టపెట్టె విప్పి ఉంది. గొట్టం గల్లాపెట్టె మీద నిలబడి ఉంది. సేటు కళ్లద్దాలు పైకి నెట్టుకుని చేతిపంపు నొక్కుతూ, గేజీలో ముల్లు కదలడం చూసి మెచ్చుకుంటున్నాడు. ఎదురుగా ఎడపల్లి నుంచి వచ్చిన రైతు ఒకడు వాషర్ కోసం వచ్చి ఆ పని మర్చిపోయి చూస్తున్నాడు.

"మాల్ మంచిగుంది, గేజీగూడ ఉన్నది. గిది దేనికి వెడ్తరు?" అని సేటు నన్నడిగాడు.

ఫుట్‌వాల్వు (నీళ్లలో మునిగే పైపు కొసన ఉండే మూత) లీకేజీ చూడటానికి అన్నాను. సేటు తలూపాడు. రైతు కూడా తలూపి, రెండంగుళాల పైపుకు పడుతుందా అని అడిగాడు. పడదేమో అన్నాను. సేటు గొట్టం నోరు అరచేతికి ఆనించి పంపు కొట్టాడు. అరచెయ్యి మధ్యలో బూరెలా పొంగింది. రైతుకూ చెయ్యి పెట్టాలనిపించింది. అతనూ పెట్టాడు. ఇద్దరూ తమ అరచేతులు చూసుకుని తృప్తి పడ్డారు. పది ముక్కలు తెప్పించి చూద్దామా అని సేటు అంటుండగా, వెనక గదిలో మోటార్లకు తీగ చుట్టే వైండింగన్న లేచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. గొట్టాన్ని చూశాడు, నన్ను చూశాడు. "సేటూ, గిది మన లైను గాదు. కంపెనీవాళ్లు తప్పు పంపిన్రు. వాపస్ జేద్దాం" అని, గొట్టం, పంపు, రబ్బరు రింగులు అన్నీ పెట్టెలో సర్ది (ఏది ఎక్కడ పెట్టాలో ఒక్కసారి కూడా వెతుక్కోకుండా) లోపలికి తీసుకుపోయాడు.

కాసేపటికి నేను వెనక గదిలోకి వెళ్లాను. అతను తీగ చుట్టడం ఆపలేదు. నాలుగేళ్ల కింద తనకు ప్రోస్టేటు ఆపరేషన్ అయిందని, తర్వాత డాక్టరు ఇలాంటిదే వాడమన్నాడని, తలెత్తకుండానే చెప్పాడు. ఇద్దరం ఒకే కొట్లో అన్నాళ్లు పనిచేసి, నేను అతని ఆపరేషన్‌ను హెర్నియా అనుకున్నాను.

"తమ్మీ, నాకన్న నీకు తొందర ఎక్కువున్నట్టుంది. నన్నుగూడ డాక్టర్ నెలాగుమన్నడు. నాకు పంపులు తెల్వయా అనుకుంట పది దినాలకే షురూ జేసిన, ముల్లు ఎర్ర గీత దాటేదాంక గుంజిన. నల్లగ కమిలి పుండయింది. రెండు నెలలు ముట్టనియ్యలే. గది మోటర్ గాదు. నువ్వు డాక్టర్‌ను అడగకుంట పెట్టె ఇప్పకు."

ఆ సాయంత్రమే మొదలుపెడదామని అనుకుని ఉన్నవాణ్ణి. పెట్టెను ఇంటికి తీసుకుపోయి నా భార్యకిచ్చి, బీరువాలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకోమన్నాను.

నెలకు ఇద్దరం నిజామాబాద్ వెళ్లాం. దారంతా నేను అడగాల్సినవి మనసులో వల్లించుకున్నాను, లోపలికి వెళ్లాక ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమె అడిగింది. ఇప్పుడే మొదలుపెడితే ఏం నష్టం, ఆగితే ఏం నష్టం అని రెండే ప్రశ్నలు, కూరగాయలు అడిగినంత మామూలుగా. డాక్టరుకు ఆ ప్రశ్నలు నచ్చాయి. ఆగినందువల్ల వారాల్లో మునిగిపోయేది ఏమీ లేదన్నాడు. మరీ ఎక్కువ కాలం వదిలేస్తే మచ్చ గట్టిపడి పొడవు కొంత తగ్గవచ్చు. నొప్పి బాగా ఉన్నప్పుడు గట్టిగా లాగితే కొత్త దెబ్బ తగలవచ్చు. నొప్పి తగ్గుముఖం పట్టాక, అది పూర్తిగా పోయేదాకా ఆగకుండా, తక్కువ ఒత్తిడితో, రక్తం వెనక్కి పోకుండా బిగించే రబ్బరు రింగు వాడకుండా, రోజుకు రెండుసార్లు కొన్ని నిమిషాలు చేయడం నా వరకు మధ్యదారి అన్నాడు. నొప్పి పెరిగినా, కమిలినా ఆపేసి రావాలి. అప్పుడు ఆమె నావైపు తిరిగి నొప్పి ఇప్పుడెంత ఉందని అడిగింది. తగ్గిందన్నాను. నిజం చెప్పమంది. కొంచెం తగ్గిందన్నాను. ఇంకో నెల ఆగుదామంది. డాక్టరు ఆ మాటే చీటీ మీద రాశాడు.

ఆ నెల ఆగాం. ఆరో నెలలో మొదలుపెట్టాం. తాళం ఆమె తీసేది. మొదటి వారం గేజీ ముల్లును ఆమే చూసేది, నాకు చెయ్యి జారుతుందని ఆమె నమ్మకం. అలా ఆరేడు నెలలు, పండగలకు కూడా మానకుండా చేశాను. నొప్పి పోయింది. వంపు పూర్తిగా పోలేదు, కానీ సగానికి సగం తగ్గింది. అందులో పంపు వాటా ఎంత, కాలం వాటా ఎంత అని అడిగితే డాక్టరు నవ్వి, రెండింటికీ చెరిసగం పంచెయ్యమన్నాడు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఆ మరుసటి ఏడాది మాకు అమ్మాయి పుట్టింది. అత్తగారు మా ముఖాలు చూడటం మానేసి ఆ పిల్ల ముఖం చూడటం మొదలుపెట్టింది.

మొన్న వానాకాలంలో మళ్లీ ఒకసారి చూపించుకోవడానికి ఇద్దరం వెళ్లాం. కౌంటరు దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి ఏం సమస్య అని అడిగితే, నేను కొట్లో రైతుకు చెప్పే గొంతుతో జబ్బు పేరు పూర్తిగా చెప్పి, ఆమెకు రాయడం రాకపోతే అక్షరాలు కూడా చెప్పాను. వరండాలో కూర్చున్న మగవాళ్లందరికీ ఒక్కసారిగా పైనున్న ఫ్యాను మీద ఆసక్తి కలిగింది. నా భార్య చొక్కా పట్టి లాగింది. "ఎన్కట నీతోని మాట్లాడియ్యాల్నంటే పానం పోతుండె. ఇప్పుడు ఆపాల్నంటే పోతుంది" అంది.

నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఒకప్పుడు ఇదే వరండాలో నేనై కూర్చున్న ఆ ముప్పై మూడేళ్ల మనిషి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఫైలును అంత గట్టిగా పట్టుకుని, ఎవరూ తన వంక చూడకూడదని అంత కష్టపడ్డాడు పాపం, నిజానికి ఎవరి రోగం వాళ్లకుండి అతని వంక ఎవరూ చూడటం లేదు. ఎక్కడైనా ఎదురుపడితే అతనికి సలహా ఏమీ చెప్పను. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే కాసేపు కూర్చుంటాను, అంతే.