సెలవు రోజు తెరిచిన సెలూన్

సెలూనాయనకు ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో సగం మంది తలలు కళ్లు మూసుకున్నా తెలుసు. సొంత కూతురి తల మాత్రం మూడేళ్లుగా ముట్టుకోలేదు. పెద్దదాన్నయ్యానంటూ పిల్ల ఒప్పుకోదు.

పదిహేనేళ్ల ఆ పిల్ల ఓ ఉదయం ముందు జుట్టు తనే కత్తిరించుకుని, నుదుటిమీదికి దించుకుని బడికి బయల్దేరింది. నుదుటినిండా మొటిమలు. వాటిమీద నిమ్మరసం రుద్దింది, టూత్‌పేస్టు పూసింది, గిల్లింది. ఏదీ పనిచెయ్యలేదు. పైగా తలలో చుండ్రు. మాడు ఎండిపోయిందంటూ తల్లి రోజూ నూనె పట్టిస్తోంది. ఇంట్లో ఆ ఊసెత్తితే చాలు, గది తలుపు ధడాలున పడుతోంది.

అతను మొటిమల ఊసే ఎత్తలేదు.

"జుట్టు ఒక పక్కకి దిగిందమ్మా. సెలవు రోజు షాపుకి రా, సరిచేస్తా."

"ఎవరూ ఉండరుగా?"

"నేనుంటా. పర్లేదా?"

పిల్లకు నవ్వొచ్చింది.

ఆ రోజు కుర్చీని అద్దానికి పెడగా తిప్పి కూర్చోబెట్టాడు. పాయలు తీస్తుంటే మాడుమీద గోళ్ల గాట్లు కనిపించాయి.

"దురదా?"

"క్లాసులో చేతులు కట్టుకు కూర్చుంటా నాన్నా. గోక్కుంటే పొట్టు రాలుతుంది. వెనక బెంచీవాళ్లు నవ్వుతారు."

అతను దువ్వెన పక్కన పెట్టాడు. "చుండ్రు సంగతి నాకు తెలుసు. మొహం సంగతి తెలీదు. డాక్టరమ్మని అడుగుదాం," అన్నాడు.

డాక్టరమ్మ నూనె మానమంది. మందు షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలుంచి కడగమంది. రాత్రిపూట మొహానికి జెల్ పల్చగా రాయమంది. "గిల్లొద్దు. రెండు నెలలు ఓపిక పట్టు," అంది.

నూనె మాన్పించినందుకు తల్లి రెండ్రోజులు ముభావంగా ఉంది. జెల్ అంటుకుని కొత్త దిండు గలీబు రంగు పోయినప్పుడు ఇంకో రెండ్రోజులు. వారం తిరిగేసరికి మొహం పొట్టు రేగి పిల్ల ఏడ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే జెల్ రోజు విడిచి రోజు రాయమంది.

షాంపూ నురగతో ఐదు నిమిషాలు నిలబడటం పిల్లకు గండంగా ఉండేది. అతను స్నానాలగది తలుపు బయట నిలబడి, షాపుకొచ్చినవాళ్ల కబురొకటి చెప్పేవాడు. కబురు అయ్యేసరికి టైమూ అయ్యేది.

రెండు నెలలకు దురద పోయింది. నుదురు చాలావరకు తేటపడింది, గడ్డంమీద రెండు మిగిలాయి. పరీక్షలప్పుడు ఇంకో మూడొచ్చాయి.

"మళ్లీ వచ్చాయే," అంది తల్లి.

"వస్తే వచ్చాయిలే అమ్మా, బస్సు పోతోంది," అంటూ పిల్ల చెప్పులేసుకుంది.