డబ్బాలో గుడ్ల రొట్టె

నా అన్నం డబ్బాను కాకులు పొడుచుకు తింటుంటే చూసిన రోజు నేను ఏడవలేదు. ఆ పని చేసిన మనిషి మీద ఎట్లా బదులు తీర్చుకోవాలా అని మాత్రమే ఆలోచించాను.

అరవైల చివరి సంవత్సరాలు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరి, తార్నాకలో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. డిపార్ట్‌మెంటులో ఉన్న కొద్దిమంది ఆడవాళ్లం మధ్యాహ్నం ఒక చిన్న గదిలో కలిసి తినేవాళ్లం. ఆ గదిలో పెత్తనమంతా ఒక లెక్చరర్ మేడమ్‌ది. రాయలసీమ నుంచి వచ్చిన, మడీ ఆచారం గట్టిగా పట్టించుకునే కుటుంబం ఆమెది. నా డబ్బాలో జొన్నరొట్టె, కోడిగుడ్డు పొరటు చూసి మొదట్లోనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకరోజు నేను ల్యాబు నుంచి వచ్చేసరికి డబ్బా గదిలో లేదు. అటెండరు చేత వరండాలో పెట్టించిందట. మూత ఊడిపోయి, పొరటంతా మెట్ల మీద కాకుల పాలైంది.

"ఆ కంపుకు మాకు అన్నం దిగేట్ల లేదు, అమ్మాయ్. నువ్వు బయట తినేది అలవాటు చేసుకో," అంది పెరుగన్నం కలుపుకుంటూ. నా వైపు చూడనైనా లేదు. మిగతావాళ్లు తలలు వంచుకుని తిన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్త, లొల్లి ఎందుకు, రేపటి సంది పప్పు కడతా తియ్ అంది.

"వద్దత్తా," అన్నాను. "గుడ్లే కట్టు. వాళ్లందరు చెయ్యి చాపి అడుగాలె. ఆమె సుత అడుగాలె."

అత్త ఒకప్పుడు మెట్టుగూడలో ఒక రైల్వే ఆఫీసరు బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసాని ప్రయాణాలకు గుడ్లతో మందపాటి రొట్టె చేయించుకునేదట. దాని అసలు పేరు పలకడానికి అత్తకు నోరు తిరిగేది కాదు. గుడ్ల రొట్టె అనేది. ఆదివారం నన్ను కుంపటి ముందు కూర్చోబెట్టి నేర్పింది.

ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, పాలకూర సన్నగా తరిగి, తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించాలి. తడి మిగిలితే మధ్యాహ్నానికి డబ్బాలో నీరు దిగి, నీచువాసన వస్తుంది. కూర చల్లారాక గిలకొట్టిన గుడ్లలో కలిపి, కాసిని పాలు, మిరియాల పొడి, కొత్తిమీర వేయాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి అందులో పోసి, సన్నసెగ మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పరచాలి. అప్పుడే పైభాగం గట్టిపడుతుంది. వేడిమీద కొయ్యకూడదు. చల్లారాక ముక్కలు కోసి గుడ్డలో చుడితే, సాయంత్రం దాకా చెడదు. పళ్లెం అక్కర్లేదు, చేతిలో పట్టుకుని తినొచ్చు.

నేను గుడ్లు గిలకొడుతుంటే అత్త కాసేపు చూసి, "గుడ్లేం చేసినయే నిన్ను? జర మెల్లగ," అంది.

ముందు రెండుసార్లు మాడింది. కుదిరిన రోజు డబ్బా తీసుకెళ్లి ఆ గదిలోనే, బల్ల మధ్యలో తెరిచాను. బంగారు రంగు ముక్కలు, అంచుల్లో ఆకుపచ్చ. కంపు అనడానికి ఏమీ లేదు. పక్కనున్న అమ్మాయి ఏమిటని అడిగింది. చెప్పి, ఒక ముక్క పెట్టాను. కొన్నాళ్లకు మేడమ్ తప్ప అందరూ నా డబ్బా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. బల్ల చివర ఆమె ఒక్కతే పెరుగన్నం తినేది. అది చూస్తూ తింటే నాకు ముద్ద ఇంకా రుచిగా ఉండేది.

ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమెకు ఇంటి నుంచి క్యారియర్ రాలేదు. పొద్దున్నుంచి నిలబడే ఉంది. నా డబ్బా వైపు చూసి, "అది శెనగపిండిదా?" అంది.

అవునంటే చాలు, తినేస్తుంది. ఎన్ని రాత్రులు ఈ మాట కోసం ఎదురుచూశానో. కానీ తెలియక తింటే ఆమె మోసపోయిన మనిషి అవుతుంది, జాలి ఆమెకు, నింద నాకు. నాకు అది కాదు కావలసింది.

"గుడ్లది, మేడమ్," అన్నాను అందరికీ వినపడేట్టు. "మీరు బయట పెట్టిచ్చిన డబ్బాల ఉన్నయి గూడ గుడ్లే."

గదిలో ఎవరూ నమలడం లేదు. ఆమె లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, వెనక్కి వచ్చి, ఒక ముక్క తీసుకుని, నిలబడే మొత్తం తినేసింది.

"మా ఇంట్లో తెలియకూడదు," అంది మా అందరితో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

క్షమించమని అడగలేదు. నేను క్షమించనూ లేదు. ఎవరికీ చెప్పలేదు, నిజమే. కానీ ఆ తరువాత ఆమె చెయ్యి డబ్బా వైపు వచ్చిన ప్రతిసారీ మూత మీద నా చెయ్యి పెట్టేదాన్ని.

"ఏం గావాలె మేడమ్?"

"గుడ్లది... ఒక ముక్క."

ఆ మాట ఆమె నోటి వెంట వచ్చాకే మూత తీసేదాన్ని. అత్తకు ఇది తెలిసి, ఇగ చాలు, వదిలెయ్యమంది. నేను వినలేదు. థీసిస్ ఇచ్చి వచ్చేసిన రోజు దాకా ఆమె చేత ఆ పేరు పలికించాను. ఒక్కసారి కూడా జాలి కలగలేదు.