చేయనని చెప్పిన ఆదివారం

మా చర్చి శాలిబండలో బస్సులు తిరిగే రోడ్డుకు వెనక సందులో ఉంది. దాని పక్కనే ఇనుప బీరువాలు తయారుచేసే కార్ఖానా. వాళ్ళకు సెలవు శుక్రవారం, మాకు ఆరాధన ఆదివారం. అందుకే మా పాటల్లో సగం సుత్తి దెబ్బల్లో కలిసిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చెవులు మూసుకుంటారు. మాకు అలవాటే.

నేను హుస్సేనీ ఆలంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ చర్చి సభ్యురాలిని. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. దాని గురించి నాకు పెద్ద బాధ కూడా లేదు.

మా చర్చిలో ఎవరినైనా సభ్యులుగా చేర్చుకునే రోజున ఒక పద్ధతి ఉంది. పాస్టర్‌గారు వాళ్ళను ముందుకు పిలిచి విశ్వాసం గురించి అడుగుతారు. తర్వాత మా అందరినీ లేచి నిలబడమంటారు. "ఈమె ఇకనుంచి మీలో ఒకరు. రోగమొస్తే చూసుకుంటారా? కనిపించకపోతే వెతుకుతారా? తప్పు చేస్తే ప్రేమతో చెబుతారా?" అని అడుగుతారు. మేమంతా ఒక్క గొంతుతో "దేవుని సహాయంతో చేస్తాము" అంటాం. ఆ మాట మాకు ఎంతగా నోటికొచ్చేసిందంటే, ప్రశ్న పూర్తికాకముందే వెనక వరుసల్లోంచి జవాబు వచ్చేస్తుంది. అప్పటికి అందరికీ ఆకలి వేస్తుంటుంది. మగవాళ్ళ చేతుల్లోకి హెల్మెట్లు వచ్చేసి ఉంటాయి.

ఆ ఆదివారం ముందు నిలబడినామె ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు దుకాణంలో ఎండుమిరపకాయల తొడిమలు తీసే మనిషి. భర్త పోయాక పాలమూరు నుంచి ఒంటరిగా వచ్చి ఒక గది అద్దెకు తీసుకుంది. ఎంత ఉతికిన చీర కట్టుకున్నా ఆమె దగ్గర మిర్చి ఘాటు పోదు. పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్ముతారు. అందుకని తనంతట తానే చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చునేది. ఈ ఊళ్ళో మా చర్చి తప్ప ఆమెకు నా అన్నవాళ్ళు లేరు.

సరిగ్గా ఆ వారంలోనే నాకు బస్టాపు దగ్గర మా డ్రాయింగ్ సారు కనిపించారు. బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన పెద్దమనిషి. ఏళ్ళ తరబడి మా చర్చిలో బైబిలు పాఠం చదివింది ఆయనే. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. ఇల్లు చర్చికి వెనక సందులోనే. నేను ఒకసారి బత్తాయిలు తీసుకుని వెళ్ళొచ్చాను, అంతే. ఇప్పుడు వాకరు పట్టుకుని మెల్లగా అడుగులేస్తున్నారు.

"ఏం బిడ్డా, మన చర్చి ఉన్నదా ఇంక?" అని అడిగారు.

వెక్కిరింపుగా అడిగి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన నిజంగానే తెలియనట్టు అడిగారు. బస్సొచ్చింది, ఎక్కేశాను.

ఇక ఆదివారం. పాస్టర్‌గారు ప్రశ్నలు అడిగారు. గదంతా "చేస్తాము" అంది. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే నేను గట్టిగా అన్నాను.

"నేను చెయ్య. దేవుని ముంగట అబద్ధం చెప్ప."

అందరూ వెనక్కి తిరిగారు. చర్చి సెక్రటరీ ముందు వరుసలోంచి లేచాడు. "ఏందక్కా గీ లొల్లి? ఆరాధన నడుస్తున్నది గదా, కూసో."

"కూసోనన్నా. డ్రాయింగ్ సారుకు గూడ గిట్లనే చేస్తమన్నం. ఆయన మంచంల పడ్డంక ఎవరెవరు పోతున్నరు? జర చెయ్యి లేపుండ్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు. పక్కన సుత్తి మాత్రం ఆగలేదు.

"పాస్టర్ గారు పోతరు గదా. ఆయన ఉన్నది అందుకే గదా," అన్నాడు సెక్రటరీ.

దానితో పాస్టర్‌గారి ముఖం ఎర్రబడింది. మా పాస్టర్‌గారు నాకంటే చిన్నవాడు, పాత స్కూటరు మీద పొద్దస్తమానం తిరిగే మనిషి. కొత్త ఫ్రిజ్ కొన్నా ఆయనే వచ్చి ప్రార్థన చేయాలి, కొత్త ఆటో కొన్నా ఆయనే రావాలి. "నేను పోయిన. సారు సంగతి ప్రతి వారం ప్రకటనల్ల చెప్పిన. ఎవలన్న చెవిన వేసుకున్నరా?" అన్నారు.

ఆయన మీద జాలి కలిగింది. కానీ జాలి కలిగినంత మాత్రాన ఊరుకునే నోరు కాదు నాది. "ప్రకటన చేస్తే అయిపాయెనా పాస్టర్ గారు? ఒకల్నన్న పేరు పెట్టి పిలిచి, నాతోని రా అన్నరా? ఒక్కరే పోతిరి, ఒక్కరే వస్తిరి. గీ పని మాకు గూడ చేతనైతదని మీరెన్నడన్న అనుకున్నరా?"

ఆయన చేతిలోని బైబిలు మూసేశారు. ఈ రోజుకు చేర్చుకోవడం ఆపుదామని చెప్పి, చిన్న ప్రార్థనతో ముగించేశారు. గుమ్మం దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీ భార్య ముఖం తిప్పుకుంది.

దారిలో మా ఆయన బండి నడుపుతూ అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే గానీ, ఆఖరు పాట అయినంక చెప్తే ఏం పోతుండె?"

"పాట అయినంక ఎవలుంటరు? అందరు బండ్లు స్టార్ట్ చేస్తరు," అన్నాను.

తర్వాతి ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. కనిపించకపోతే వెతుకుతామన్నారు కదా, వెతకనీ చూద్దాం అనుకున్నాను. ఎవరూ రాలేదు. కూరగాయల బండి దగ్గర సెక్రటరీ నన్ను చూసి, అంతవరకు అక్కర్లేని వెల్లుల్లి బేరం చేయడం మొదలుపెట్టాడు. నా మాటే నిజమైంది, నేనే గెలిచాను. అంత దిక్కుమాలిన గెలుపు నాకు ఎప్పుడూ దక్కలేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఏడ్చేశాను.

ఒక సాయంత్రం గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. తలెత్తేలోపే తుమ్మొచ్చింది. మిర్చి ఆమె. దుకాణం నుంచి నేరుగా షేర్ ఆటోలో వచ్చినట్టుంది, చేతివేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నన్ను ఓదార్చడానికి వచ్చిందనుకున్నాను. ఆమె మస్తు కోపంతో వచ్చింది.

"అక్కా, నీ లొల్లి నీకు, వాళ్ళ లొల్లి వాళ్ళకు. నడుమల నిలబడ్డది నేను. నా మొఖం మీదనే నేను చెయ్య అంటివి. నాకెట్లుంటది?"

"నేను నిన్ను అనలే."

"మరి ఎవల్నన్నవ్? ఆడ నిలబడ్డది నేనే గదా."

అంత పెద్ద న్యాయం మాట్లాడుతున్నాననుకున్నానే, ఎవరి కోసం మాట్లాడానో ఆమె ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"రెండు వారాల సంది నువ్వు వస్తలేవు. నేనింక మెంబర్ను గూడ గాలే. అయినా వచ్చిన. కనబడకపోతె వెతకాలన్నరు గదా, నాకు గా మాట మంచిగనిపిచ్చింది," అంది ఆమె. "చెయ్యనన్నది చెప్పినవ్. ఇగ ఏం చేస్తవో గది చెప్పు."

చాయ్ పెట్టాను. ఇద్దరం తుమ్ముకుంటూ తాగాం. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని పాస్టర్‌గారింటికి వెళ్ళి, 'ఇగ ఏం చేస్తవో గది చెప్పు' అని ఆమె నాతో అన్న మాటే ఆయనతోనూ అన్నాను. నేను మళ్ళీ పోట్లాడటానికే వచ్చాననుకుని ఆయన మొదట గట్టిగానే మాట్లాడారు. మేము వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దాకా వచ్చారు.

ఆ ఆదివారం ఆమె మళ్ళీ ముందు నిలబడింది. పాస్టర్‌గారు ప్రశ్నలు అడిగి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టారు. "ఈసారి చేస్తాము అనొద్దు. ఎవరికి ఏం చేతనైతదో గంతనే చెప్పుండ్రి."

సుత్తి చప్పుడు అంత స్పష్టంగా మా చర్చిలో ఎప్పుడూ వినబడలేదు. చివరికి నేనే లేచాను. "బుధవారం సాయంత్రం ఆమె గదికి నేను పోత. రానియ్యకపోతె గడప మీద కూసుంట."

వెనకనుంచి ఆటో నడిపే తమ్ముడు, "ఎప్పుడన్న దవాఖానకు పోవాల్నంటె నా ఆటో ఉన్నది," అన్నాడు. సెక్రటరీ భార్య లేచింది. నావైపు చూడకుండానే, "నా పక్కన కూసోమను. తుమ్మొస్తె తుమ్ముత," అంది. ఎవరో నవ్వారు. సెక్రటరీకి మాత్రం మండిపోయింది. "గిదేం పద్ధతి? మా తాతల సంది చేస్తాము అనే అంటున్నం," అన్నాడు. అనేవాళ్ళను అననీ అనుకుని నేను పాస్టర్‌గారి వైపు తిరిగాను.

"మరి మీరో?"

ఆయన వేదిక దిగి ఆమె పక్కన నిలబడ్డారు. "ఇగ ఎవలింటికీ ఒక్కణ్ణే పోను. మీల నుంచి ఒకల్ని ఎంట తీస్కపోత. రాకుంటె ఎందుకు రాలేదని అడుగుత. నేను తప్పు చేస్తె మీరు గూడ నాకు చెప్పాలె, ఎనక గాదు, ముంగటనే."

సెక్రటరీ ఇప్పటికీ ఆ రోజును 'అక్క లొల్లి పెట్టిన రోజు' అనే అంటాడు. నేను లేచి నిలబడితే చాలు, గడియారం వైపు చూస్తాడు. చూడనీ.

బుధవారం నేను గదికి వెళ్తే ఆమె తాళం వేసి బయటే నిలబడి ఉంది. ముందు డ్రాయింగ్ సారింటికి పోదామంది. పాస్టర్‌గారికి ఫోన్ చేస్తే స్కూటరు మీద వచ్చేశారు. సారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముగ్గురినీ వరుసగా చూసి, అదే ప్రశ్న అడిగారు.

"మన చర్చి ఉన్నదా?"

నేనూ పాస్టర్‌గారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకు ఆ ప్రశ్న కొత్త, అందుకని ఆలోచించకుండా చెప్పేసింది. "ఉన్నది బాపూ. ఇగో, వచ్చింది."

సారు తుమ్మారు. కళ్ళు తుడుచుకుని, "ఒక్కనాడు వస్తె ఏం దెలుస్తది?" అన్నారు. "వచ్చే బుధవారం గూడ రాండ్రి. అప్పుడు చెప్త, ఉన్నదో లేదో."

ఆ బుధవారం వెళ్ళాం. ఆ తర్వాతి బుధవారమూ వెళ్ళాం. సారు ఇంకా చెప్పలేదు.