తూర్పు ముఖం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్

ఉదయం పది దాటాక నర్సింహ ఫోన్ చేశాడు. అతను కరెంటు లైన్‌మన్. మూఢనమ్మకాల మీద నేను నడిపే చర్చావేదికలో వెనక వరుసలో కూర్చుని అడ్డు ప్రశ్నలు వేసేవాడు.

"సార్, మన్సూరాబాద్‌ల ఒక కాలనీవోళ్లు కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను వాస్తు కోసం తిప్పి పెట్టిండ్రు. రేపు బంద్. ఇయ్యాల కరెంటు ఇయ్యకుంటే ఒక పెద్దమనిషికి ఊపిరాడది. మీరొచ్చి జర చెప్పుండ్రి."

పదకొండుంబావుకు దిల్‌సుఖ్‌నగర్ డిపో ఎదుట సిటీ బస్సెక్కాను. టికెట్టు ఆరు రూపాయలు, సీటు మాత్రం లేదు. ఎల్బీనగర్ చౌరస్తా దాటుతుందా అని కండక్టర్‌ను అడిగాను.

"చౌరస్తా దాకా నా చేతిల ఉన్నది సార్. అవతల ఉద్యమం చేతిల ఉన్నది."

అన్నట్టే చౌరస్తాలో తెలంగాణ కోసం రాస్తారోకో. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే బతుకమ్మ పాట. అక్కడ దిగి నడిచాను. నా వెనక వచ్చేవారికి ఒక సలహా: అరగంట నడక, నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి.

పన్నెండున్నరకు చేరేసరికి సిమెంటు గద్దె మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెళ్లికూతురిలా ఉంది. నొసట కుంకుమ, మెడలో నిమ్మకాయల దండ. కాలనీ అధ్యక్షుడు సుబ్బారావు గారు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కోచింగ్ మాస్టారు.

"ప్రపంచంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే పెద్ద కంపెనీల జాబితా మా పిల్లలకి నేనే బట్టీ పట్టించానండీ. జర్మనీ, స్విట్జర్లాండ్, జపాన్, కొరియా... ఇది వాటిలో ఒకదానిదండీ. ఇంత గొప్పదాన్ని పడమటి ముఖంగా పెడితే ఎలాగండీ?"

"దీనికి ముఖం ఎక్కడుందండీ?"

"కంపెనీ పేరు రేకు ఉన్న వైపేనండీ."

కార్యదర్శి మల్లారెడ్డి నల్లగొండ జిల్లావాడు, ఉద్యమకారుడు. ఆయన తల ఊపాడు. "పాతది పడమర జూసింది, కాలింది. గీ ఒక్క ముచ్చటల సుబ్బారావు సార్ కరెక్టు."

రాష్ట్రం దగ్గర వేరైనా మూఢత్వంలో ఇద్దరూ సమైక్యవాదులే.

నర్సింహ తల పట్టుకున్నాడు. "పెద్ద లైను పడమటి దిక్కున్నది సార్. దాన్ని కలిపే పింగాణీ కొమ్ములు రేకు దిక్కే ఉంటయి. ఇప్పుడు అవి తూర్పుకు పోయినయి. తీగలు అందవు. లాగి కలిపితే అంతా మసి."

ఎదురింటి గుమ్మంలో యాదమ్మ నిలబడి ఉంది. ఆమె భర్త లింగయ్య కంకర మిషన్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ మూడు రోజులుగా మూగగా ఉంది. "కిరాయి సిలిండర్ ఇయ్యాల సాయంత్రం నాలుగింటి దాకా ఒస్తది. గీ రాస్తారోకోల ఇంకోటి యాడ దొరుకుతది?" అంది.

నేను మొదలుపెట్టాను. అయస్కాంతానికి దిక్కులుంటాయి గాని ఇనప పెట్టెకు ఉండవన్నాను. ఇదే కంపెనీ పెట్టెలు ఎన్నో దేశాల్లో ఎన్నో దిక్కులు చూస్తూ దీపాలు వెలిగిస్తున్నాయన్నాను. అవి తయారుచేసిన ఇంజనీర్లు రాహుకాలంలోనూ బోల్టులు బిగించారన్నాను. ముప్పావు గంట మాట్లాడాను. బాగా మాట్లాడాను కూడా.

మల్లారెడ్డి చప్పట్లు కొట్టాడు. "మస్తు చెప్పిండ్రు సార్. అయినా మా నమ్మకం మాది."

"ఏం నమ్మకమయ్యా!" అంటూ మళ్లీ అందుకోబోయాను. యాదమ్మ గుమ్మం దిగి వచ్చింది.

"సారూ, నువ్వు మాట్లాడినంతసేపు నా పెనిమిటి ఊపిరి కర్సయింది. జర ఆగు."

ఆగాను. ఆమె అధ్యక్షుడి వైపు తిరిగింది. "అయ్యా, మొఖమంటే గా రేకే గదా? రేకును పీకి తూర్పుకు పెట్టుండ్రి. పెట్టెను దాని జాగల దాన్ని ఉంచుండ్రి."

సుబ్బారావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "అదీ శాస్త్రసమ్మతమేనండీ."

"ఇది శాస్త్రమా!" అని నేను ఎగిరాను. నర్సింహ నా చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టాడు. "సార్, ఊకోండి. మరలు ఇప్పండి."

జీవితమంతా మూఢనమ్మకాలను ఖండించిన చేతులతో నాలుగు మరలు విప్పాను. పెట్టెకు కొత్తగా బెజ్జం కొడితే లోపలి నూనె కారిపోతుందట. అందుకని రేకును తూర్పు వైపు తీగతో కట్టారు. బరువులెత్తే చైన్‌కప్పీ తెచ్చి కాలనీ అంతా పట్టి పెట్టెను యథాస్థానానికి తిప్పింది. మూడుంబావుకు మల్లారెడ్డి "జై తెలంగాణ" అని, సుబ్బారావు గారు "గోవిందా" అని చెరో కొబ్బరికాయ కొట్టారు. తీగలు కలిపి, పరీక్షలు చూసుకుని, నాలుగుకు పది నిమిషాల ముందు నర్సింహ స్విచ్చి వేశాడు. ఎదురింట్లో మిషన్ గుర్రుమంది.

సెలవు తీసుకుందామని లోపలికి వెళ్లాను. లింగయ్య ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "ఇందాక నువ్వేం చెప్పినవో ఇనరాలే సారూ. గిప్పుడు చెప్పు, ఇంటా."

మళ్లీ వచ్చి చెబుతానన్నాను. యాదమ్మ ఇచ్చిన చాయ్ తాగి బయలుదేరాను.

అయిదు గంటలకు చౌరస్తాలో బస్సులు కదిలాయి. ఈసారి కిటికీ పక్క సీటు దొరికింది. లింగయ్యకు చెప్పవలసిన ముప్పావు గంట ఉపన్యాసాన్ని మనసులోనే కుదించుకుంటూ కూర్చున్నాను. కొత్తపేట వచ్చేసరికి రెండు వాక్యాలు మిగిలాయి: 'కరెంటు వచ్చింది. దానికి దిక్కులతో పనిలేదు.' దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేటప్పుడు, అందులో రెండోది కూడా తీసేయవచ్చనిపించింది.