కేసింగు కూసుందన్నావు కదా, కొమురయ్యా

నిన్న పొద్దున ఫోన్ మోగింది. చూస్తే కొమురయ్య పేరు. ఎత్తగానే "కూసుందా?" అని అడుగుతాడని నేనే ముందు అందుకున్నాను. "సోమవారం తెలుస్తదిరా, నీకేం తొందర?"

అవతల వాడు కాదు. వాడి భార్య లచ్చమ్మ, నాకు చెల్లె వరస.

"అన్నా, నీ దోస్తు పోయిండు. ఛాతిల నొస్తుందన్నడు. దవాఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే."



నాకు రాయడం సరిగా రాదు. ఫోన్‌లో మైకు నొక్కి చెప్తున్నాను, అదే రాసుకుంటోంది. తప్పులుంటే ఫోన్‌ని అనండి, నన్ను కాదు.

కొమురయ్యా నేనూ బోరు బండి మీద కలిసి పనిచేశాం. నాది రఘునాథపల్లి, వాడిది మహదేవపూర్. జనగామ నుంచి భూపాలపల్లి దాకా మేం బోరు వేయని ఊరు తక్కువ.

బోరు సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట. పైన మెత్తటి మన్ను, కింద బండ. మన్ను కూలకుండా పైపు దింపుతాం. అదే కేసింగు. అది బండ మీద గట్టిగా కూసోవాలి. కూసోకపోతే బోరు పూడుకుపోతుంది.

కూసుందో లేదో చెప్పేది కొమురయ్యే. పైపు మీద చెయ్యి పెట్టి చూసేవాడు.

దంతాలపల్లి దగ్గర ఒక రైతు, ఖర్చు పెరుగుతోందని బాగా బతిమాలాడు. "కూసుందని చెప్పన్నా, ఇగ చాలు."

"కూసోలే. నేను కూసుందంటే అది కూసుంటదా?" అని పైపు మళ్ళీ పైకి తీయించాడు. రైతు తిట్టాడు, బండి ఓనరు తిట్టాడు. వాడు మాట మార్చలేదు.

అలాంటివాడు నాకు అబద్ధం చెప్పాడు.

మా ఇద్దరికీ పై దవడలో వెనక పళ్ళు పోయాయి. ముందు వాడు భూపాలపల్లిలో ఇంప్లాంట్ వేయించుకున్నాడు. ఎముకలో స్క్రూ బిగించి, దాని మీద పన్ను పెడతారు. అక్కడ ఎముక పలచనట. దాని పైన సైనస్ అని ఖాళీ అర ఉంటుందట. ఎముక పొడి నింపి, స్క్రూ వేసి, నెలల తరబడి ఆగాలి. ఎముక పట్టుకుంటే పన్ను. పట్టుకోకపోతే స్క్రూ ఊగుతుంది, తీసేయాలి.

"ఏందిరా, సన్నటి బండ, దానెనక డొల్ల. నీ కేసింగు దేని మీద కూసుంటది?" అని నవ్వాను.

అప్పట్నుంచి మా ఫోన్లలో "తిన్నవా" అన్న మాటే లేదు. "కూసుందా?" ఒక్కటే.

కొన్నాళ్ళకు అన్నాడు, "కూసుందిరా. పన్ను గూడ వెట్టిండ్రు."

నేను నమ్మలేదు.

అప్పుడే మహబూబాబాద్‌లో మా బండి డ్రైవర్ బిడ్డ పెళ్ళి. భోజనాల బంతిలో కొమురయ్య నా పక్కనే కూర్చున్నాడు. మధ్యలో తుమ్ము వచ్చింది. పన్ను పెట్టినా ఇంకొన్నాళ్ళు నోరు మూసుకుని తుమ్మితే స్క్రూ కదులుతుందని డాక్టర్ చెప్పాడట. నోరు బార్లా తెరిచి తుమ్మాడు. మెతుకులన్నీ ఎదుటి బంతిలో పెళ్ళికొడుకు మేనమామ అంగీ మీద పడ్డాయి.

"ఏందయ్యా పెద్దమనిషీ!" అని ఆయన లేచాడు.

"డాక్టర్ సాబే చెప్పిండు బావా. గిట్లనే తుమ్మాల్నట."

బంతి బంతంతా నవ్వింది.

తర్వాత కూరలోంచి నల్లి బొక్క, అదే మూలుగ ఎముక, తీసుకుని పటుక్కున కొరికాడు. "ఇన్నవా సప్పుడు? ఇంకెన్నొద్దులు పిసికిన బువ్వ తింటవ్? పోయి కుర్చీల కూసో."

ఆ చప్పుడు నమ్మి జనగామలో డాక్టర్ కుర్చీ ఎక్కి నేనూ స్క్రూ వేయించుకున్నాను.

నిన్న మహదేవపూర్ పోయాను. స్నానం చేయించాక, "దోస్తువి, తులసి నీళ్ళు నువ్వు పొయ్యి" అన్నారు. పెదవి వేలితో జరిపాను.

పైన ఎడమ పక్క ఖాళీ. పన్ను లేదు. స్క్రూ లేదు. చిగురు ఎప్పుడో మూసుకుపోయింది.

నీళ్ళు నా చేతి మీదే కారిపోయాయి.

"పన్నేది చెల్లె?" అన్నాను.

"ఆ పెండ్లికి ముందే తీసేసిండ్రన్నా. ఊగుతుందన్నరు. బీడీ బంజెయ్యమంటే ఇన్నడా? నీకు జెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకుండు. 'వానికి బీడీ లేదు, వానిది కూసుంటది. నాది పోయిందని తెలిస్తే వాడు కుర్చీ ఎక్కడు' అన్నడు."

అంటే ఆ తుమ్ము కూడా నాటకమే. బొక్క కుడి పక్క కొరికుంటాడు. నేను విన్నది చప్పుడే, ఏ పక్క కొరికాడో చూడలేదు.

"నీ మంచికే చేసిండు" అంటున్నారు అందరూ. నాకు తెలియకుండా నా మంచి చూడమని నేను ఎవరినీ అడగలేదు.

ముక్కూ మొహం తెలియని రైతుకు నిజం చెప్పావు కొమురయ్యా. నాకెందుకు చెప్పలేదు? భయపడతాననా? భయపడితే భయపడేవాణ్ణి. నా దవడ, నా భయం.

నాకు పన్ను పెట్టాక గోదావరి ఒడ్డున యాటను కోసి కూర వండుకుందామన్నావు. ఏ పంటితో తిందామనుకున్నావురా?

సోమవారం డాక్టర్ నా స్క్రూ కదిలించి చూస్తాడు. ఇన్నాళ్ళూ నీ మాట మీద ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు చూస్తే ఆ మాట వెనకే డొల్ల.

కూసుందో కూసోలేదో ఊరంతా చెప్తాను. నీ ఫొటో ముందు మాత్రం నోరు విప్పను. దాచిపెడితే ఎట్లుంటదో నువ్వూ చూడు.

పోయిరా కొమురయ్యా.

నిమ్మళంగా పండుకో దోస్తూ. కోపం నాది, అది నా దగ్గరే ఉంటుంది.